గేటు బాబాయి నోటి తనిఖీ

నూలు మిల్లు మూతపడేదాకా ఆయన ఆ మిల్లు గేటు దగ్గరే పనిచేశాడు. షిఫ్టు దిగి బయటికి వెళ్లే ప్రతి మనిషినీ ఆపి, సంచీ తెరిపించి, టిఫిన్ డబ్బా మూత తీయించి, అనుమానం వస్తే జేబులు తడిమి పంపించడం ఆయన ఉద్యోగం. అందరూ గేటు బాబాయి అని పిలిచేవారు. ఎదురుగా బాబాయి అన్నా చాటున ఇంకేదో అంటారని ఆయనకు గట్టి నమ్మకం.

ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూసేవాడు. పక్కింటాయన నవ్వుతూ పలకరిస్తే ఇంట్లోకి వచ్చి, "ఏం కావాలట వాడికి?" అని భార్యను అడిగేవాడు. కూతురు ఫోన్ చేసి "బాగున్నావా నాన్నా" అంటే, ఇది తనంతట తాను చేసిందా, అల్లుడు చేయించాడా అని సాయంత్రం దాకా ఆలోచించేవాడు.

"మీ నీడక్కూడా తిప్పలే," అనేది భార్య. "వెనకాలే వస్తోందని ఏదో ఒకరోజు దాన్నీ ఆపి జేబులు చూస్తారు."

ఇంతమందిని అనుమానించిన మనిషి ఒక్కదాన్ని మాత్రం అనుమానించకుండా ఉండాలని నానా పాట్లూ పడ్డాడు. అది ఆయన నోట్లోనే ఉంది.

గేటు దగ్గర నిలబడి నిలబడి, కునుకు రాకుండా పొగాకు దవడన పెట్టుకోవడం వయసులోనే అలవాటైంది. మిల్లు మూతపడ్డాక భార్య పోరు పడలేక మానేశాడు. మానేసిన చాలా రోజులకు, వానలు ఇంకా మొదలు కాకముందు, అన్నం తింటుంటే కారం తగిలి నాలుక ఎడమ అంచు భగ్గుమంది. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి నాలుకను పక్కకు తిప్పి చూసుకున్నాడు. బాగా వెనక, విరిగిన దవడ పన్ను రాసుకునే చోట, తెల్లటి మచ్చ. దాని మధ్యలో ఎర్రగా చిన్న పుండు. వేలితో తాకితే అడుగున గట్టిగా తగిలింది. అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టేశాడు.

మిల్లులో యంత్రాలకు నూనె వేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయనకు బుగ్గలో ఇలాంటిదే లేచింది. ఆసుపత్రికి నడిచి వెళ్లినవాడు సగం దవడతో ఇంటికొచ్చాడు, కొన్నాళ్లకు పోయాడు. పుండు చంపిందా, ఆసుపత్రి చంపిందా అన్న విచారణ గేటు బాబాయి మనసులో ఎప్పుడో ముగిసింది. తీర్పు ఆసుపత్రికి వ్యతిరేకంగానే వచ్చింది. మేస్త్రీ ఆ పుండును ఏడాది పైన దాచి, ముద్ద మింగలేని స్థితిలో వెళ్లాడన్న సంగతి ఆ విచారణలో లెక్కకు రాలేదు.

అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు నమలడం మానేశాడు. కారం తగ్గించమని చెబితే భార్య ఎందుకని అడుగుతుంది గనక అదీ చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ముద్ద మింగి నీళ్లు తాగేవాడు.

అలాంటి రోజుల్లో బావమరిది వచ్చాడు. అతను పెద్దాసుపత్రి ల్యాబులో అటెండరు.

"బావా, నీకో పని చూశాను. కూర్చుని నోరు తెరిస్తే చాలు."

"ఎవరి ముందు?"

"డాక్టరు చదివే పిల్లలు, నర్సు చదివే పిల్లలు. మా కాలేజీలో నోటి పరీక్ష అని కొత్తగా నేర్పిస్తున్నారు. ఇన్నాళ్లూ నోటి సంగతి పళ్ల డాక్టర్లే చూసుకుంటారని వదిలేసేవాళ్లట. ఇప్పుడు అందరూ నేర్చుకోవాల్సిందే అంటున్నారు. నేర్చుకోవడానికి పెద్దవాళ్ల నోళ్లు కావాలి. బస్సు ఛార్జీలిస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు."

"పీకడం కూడా నేర్చుకుంటారా?"

"చూడటమే బావా. పీకరు."

"నీకేంటి ఇందులో?"

"నాకేముంటుంది? మనుషులు దొరకట్లేదని మేడం అడిగింది. నువ్వు గుర్తొచ్చావు."

"నేనే ఎందుకు గుర్తొచ్చాను?"

"నోరనగానే ఇంకెవరు గుర్తొస్తారు బావా," అన్నాడు బావమరిది. వంటింట్లోంచి భార్య నవ్వింది.

ఇక ఆయన గంటసేపు ఎదురు ప్రశ్నలు వేసి, చివరికి రానంటాడని అక్కా తమ్ముళ్లిద్దరూ అనుకున్నారు. ఆయన వెంటనే "సోమవారం వస్తాను" అన్నాడు. వంటింట్లో నవ్వు ఆగిపోయింది. పెళ్లికి పిలిచినా ఎందుకు పిలిచారో ఆరా తీసిగాని కదలని మనిషి, అడగ్గానే ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో ఉందని ఆమెకు ఆ క్షణంలోనే తోచింది.

ఆయన పథకం ఆయనకుంది. తానుగా వెళ్లి చెప్పుకుంటే డాక్టరు దాన్ని పట్టుకుని సాగదీస్తాడు. చెప్పకుండా నోరు తెరిచి కూర్చుంటే, అది నిజంగా ఉన్నదైతే వాళ్లకే దొరకాలి. అంతమంది చూసి ఎవరికీ దొరక్కపోతే అది లేనట్టే.

నేర్పే గది ఆసుపత్రి వెనక భవనంలో మేడ మీద ఉంది. గోడ వెంట కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన వంగే మెడ ఉన్న దీపం, ట్రేలో చిన్న అద్దాలు, చెక్క పుల్లలు, గాజుగుడ్డ ముక్కలు. మందునీళ్ల వాసన. ఒక్కో కుర్చీ దగ్గరికి ఇద్దరిద్దరు పిల్లలు వచ్చారు. ఒకరు డాక్టరు చదువు, ఒకరు నర్సు చదువు. నేర్పే ఆవిడ పళ్ల డాక్టరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గది చివరిదాకా వినబడుతుంది.

"గొంతు చూడాలని రోగి చేత నోరు తెరిపిస్తాం. తెరిపించి, మధ్యలో ఉన్నదంతా దాటేసి గొంతులోకి వెళ్లిపోతాం," అంది ఆవిడ. "వాకిట్లో మనిషి పడిపోయి ఉంటే దాటుకుని ఇంట్లోకి పోయినట్టు. ఈ గదిలో ఆ పని చేయకండి. పెదవులు, బుగ్గల లోపల, చిగుళ్లు, అంగిలి, నాలుక పైన, కింద, రెండు అంచులు. కంటితో చూడండి, వేలితో తడమండి. వార్డుల్లో రోగికి రోజూ నోరు శుభ్రం చేసేది నర్సులు. కాబట్టి ముందు కనబడాల్సింది మీకే. షుగరున్నవాళ్ల చిగుళ్లు చూడకుండా షుగరు మందు రాసే డాక్టరు సగం పనే చేసినట్టు."

గేటు బాబాయి వింటూ కూర్చున్నాడు. తడమండి అన్న మాట ఆయనకు నచ్చలేదు.

సోదా నుంచి ఎలా తప్పించుకుంటారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? దొంగసొత్తు ఉన్నవాడే ముందుగా సంచీ తెరిచి చూపిస్తాడు. అడగని జేబు తానే తిరగేస్తాడు. కబుర్లు చెబుతాడు. మిల్లులో తన మీద జనం వేసిన ఎత్తులన్నీ ఆ కుర్చీలో కూర్చుని ఆ పిల్లల మీద వేశాడు. దగ్గరికి రాగానే నోరు బార్లా తెరిచి, ముందు వరసలో ఊడిన పన్ను చూపించి, అది ఊడిన కథ మొదలుపెట్టేవాడు. కుడివైపు చిగుళ్లలో రక్తం వస్తుందని చెబితే పిల్లలు అటే వంగేవారు. నాలుక పట్టుకోబోతే వాంతి వచ్చినట్టు పొట్ట ఎగరేసి దగ్గేవాడు. పిల్లలు బెదిరిపోయి, "సారీ అంకుల్" అని చెయ్యి వెనక్కి తీసేవారు.

అలా ఒక్కో జంట చూసి, "బాగుంది" అని వెళ్లిపోయేది. వెళ్లినప్పుడల్లా ఆయనకు ఊపిరి తేలికయ్యేది. అంతలోనే కోపం వచ్చేది. వీళ్లేం డాక్టర్లు, ఇంత తేలిగ్గా మోసపోతే? మరుక్షణం ఇంకో అనుమానం. చూసే ఉంటారు, చూసి పైకి అనట్లేదేమో. కిటికీ దగ్గర ఇద్దరు గుసగుసలాడుకుంటుంటే చెవులు రిక్కించి విన్నాడు. క్యాంటీన్లో ఇవాళ ఏం మిగిలి ఉంటుందో వాళ్ల బెంగ.

ఇంట్లో భార్య అనుమానం ఆమెది. కాలేజీ ఉన్న రోజున నున్నగా గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం ముందు అంతసేపు ఏం చూసుకుంటున్నాడో తెలియదు. రాత్రి పూట కంచంలో సగం వదిలేస్తున్నాడు.

"అక్కడేం పెడుతున్నారేంటి అంతగా?" అని ఓ రోజు అడిగింది.

"అన్నమే."

"అన్నం తిన్న మనిషి ఇలా చిక్కిపోడు," అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, చాలాసేపు పేజీ తిప్పలేదు. అదీ ఆమె చూసింది.

ఇంకో వారం కొత్త జంట వచ్చింది. కళ్లద్దాల కుర్రాడు డాక్టరు చదువు. సన్న గొంతు పిల్ల నర్సు చదువు. కుర్రాడు మొదట చూశాడు. గేటు బాబాయి ఊడిన పన్ను కథ చెప్పాడు, కుర్రాడు మర్యాదగా నవ్వి, చిగుళ్లు చూసి, చేతి తొడుగులు తీసేయబోయాడు. పిల్ల కుర్చీ దగ్గరకు జరుపుకుని దీపం వంచింది. కథ వినలేదు. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్లీ కుడివైపు చూసింది.

"తాతగారూ, ఎడమవైపు నమలట్లేదా?"

గేటు బాబాయి నోరు మూసేశాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కుడివైపు పళ్లు నమిలి నమిలి శుభ్రంగా ఉన్నాయి. ఎడమవైపు పాచి మందంగా పట్టింది. అటువైపు బ్రష్షు కూడా సరిగ్గా పోనట్టుంది. నొప్పేమన్నా ఉందా?"

"వయసైపోయింది. ఏదో ఒకవైపు నములుతాం."

"ఒకసారి నాలుక బయట పెట్టండి."

గాజుగుడ్డతో నాలుక కొన పట్టుకోగానే ఆయన పొట్ట ఎగరేసి దగ్గాడు. ఆ పిల్ల చెయ్యి తీయలేదు, లాగనూ లేదు. "తొందరేం లేదు తాతగారూ. ముక్కుతో ఊపిరి తీసుకోండి. నేనిక్కడే ఉంటాను," అంది. ఎంతసేపని దగ్గుతాడు? దగ్గు అయిపోయింది. ఆమె నాలుకను మెల్లగా కుడివైపు లాగి, చిన్న అద్దంతో బుగ్గ పక్కకు నెట్టింది. తర్వాత ఏమీ మాట్లాడలేదు.

ఆ మౌనం గేటు బాబాయికి తెలుసు. సంచీ అడుగున చేతికి ఏదో తగిలినప్పుడు తనూ అలాగే ఆగేవాడు.

కుర్రాడు వంగి చూశాడు. "విరిగిన పన్ను గీసుకుంటోంది, అంతే," అన్నాడు. గేటు బాబాయి ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాడు. "అదే, అదే బాబూ. నిన్న కరుచుకున్నాను."

"నిన్నా?" అంది పిల్ల. వేలితో అంచును నొక్కి చూసింది. "నిన్నటిదైతే ఇంత గట్టిగా ఉండదు తాతగారూ. మేడంని పిలుస్తాను."

"ఎందుకమ్మా ఆవిడకి చాడీలు?"

పిల్ల అప్పటికే వెళ్లిపోయింది. మేడం వచ్చి, చూసి, నొక్కి, దవడ కింద రెండువైపులా తడిమింది. పిల్లలందరూ చుట్టూ చేరుతుంటే చేత్తో వెనక్కి పంపింది. "పన్ను గీసుకున్నదైతే పన్ను నున్నగా చేస్తే రెండు వారాల్లో మానాలి. కానీ దీన్ని చూస్తే ఆగడం మంచిది కాదనిపిస్తోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఎన్నాళ్ల నుంచి ఉంది?"

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. "నన్నడుగుతారేంటి? ఇంతమంది పిల్లలు చూశారు. అందరూ బాగుందన్నారు. అప్పుడు లేనిది ఇప్పుడెక్కణ్నించి వచ్చింది?"

"వాళ్లకు కనబడలేదు. అది మా తప్పే, నేను ముందే మీ నోరు చూసి ఉండాల్సింది," అంది మేడం. "మీకు ముందే తెలుసా?"

ఆయన చొక్కా సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. పిల్లలకు పాఠం చెప్పడానికి ఇన్నాళ్లూ బొమ్మలు చూపిస్తున్నారు, ఇప్పుడు ప్రాణమున్న బొమ్మ దొరికింది. ఇక వదులుతారా? ముక్క అంటారు, ముక్కతో మొదలుపెడతారు. బావమరిది కూడా తెలిసే పంపి ఉంటాడు. మర్నాడు ఫోన్ మోగితే తీయలేదు. ఆ మర్నాడు కాలేజీకి వెళ్లలేదు.

మూడో రోజు పొద్దున బావమరిది, వెనకాల సన్న గొంతు పిల్ల గుమ్మంలో నిలబడ్డారు. తలుపు తీసిన భార్య తమ్ముణ్ని వదిలేసి ఆ పిల్లను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వెవరమ్మా?"

"కాలేజీ నుంచండీ. తాతగారితో మాట్లాడాలి. మేడం పంపించారు."

"ఏం మాట్లాడాలి?"

"అది ఆయనే మీకు చెప్పాలండీ. నేను చెప్పకూడదు."

భార్య తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఏంట్రా ఇది?"

"నాకూ చెప్పలేదక్కా. ఒట్టు. ఇల్లు చూపించమంటే తీసుకొచ్చాను."

గేటు బాబాయి లోపలి గదిలో మంచం మీద కూర్చుని అంతా వింటున్నాడు. బావమరిదికి తెలియదన్నమాట. ఆ పిల్ల, తనను బతిమాలడానికి ఇంత దూరం వచ్చి కూడా, తన రహస్యం తన పెళ్లానికి చెప్పలేదన్నమాట. గేటు దగ్గర పట్టుబడ్డవాడి సంగతి ఆయన నలుగురికీ వినబడేలా చెప్పేవాడు. అదీ గుర్తొచ్చింది.

భార్య లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆయన్ని చూసింది, గోడవైపు తిప్పి ఉన్న అద్దాన్ని చూసింది. కంచంలో వదిలేసిన అన్నం, తిప్పని పేపరు, అన్నీ ఒక్కచోటికి వచ్చినట్టున్నాయి.

"నోరు తెరవండి," అంది.

"ఏం లేదే—"

"తెరవండి అంటున్నాను."

ఆయన కిటికీ వైపు తిరిగి నోరు తెరిచాడు. నాలుకను తానే పక్కకు పెట్టాడు. ఇన్నాళ్లలో దాన్ని తానుగా చూపించింది ఆమెకే. ఆమె చాలాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టనూ లేదు.

"ఎప్పట్నించి?"

"వానలకు ముందు నుంచి."

"అంటే మీరు ఊరగాయ వేసుకోవట్లేదని నేను గొడవపడ్డ రోజు కూడా ఇది ఉంది."

"ఉంది."

"ఎందుకు చెప్పలేదు?"

"మేస్త్రీ గుర్తొచ్చాడే," అన్నాడాయన. అంతకంటే ఆయన దగ్గర వేరే కారణం లేదు.

ఆమె చెప్పులు వేసుకుంది. "పదండి."

ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా గేటు బాబాయి బావమరిదికి నిద్ర లేకుండా చేశాడు. "నా ముక్క ఇంకొకడి ముక్కతో కలవలేదుగా? సీసా మీద పేరు నువ్వు కళ్లారా చూశావా?" అని పూటపూటా ఫోన్. కలవలేదు. అది క్యాన్సరే. కాకపోతే చిన్నది, లోపలికి పాకలేదు. నాలుక ఎడమ అంచు కొంత కోసి తీసేయాలి, ఎందుకైనా మంచిది, మెడలో గ్రంథులు కూడా తీసి చూడాలి అన్నారు. "ఇంకో ఏడాది ఆగి ఉంటే?" అని భార్య అడిగింది. డాక్టరు కాగితం మడిచి ఇచ్చాడు. "ఇప్పుడే వచ్చారు కదమ్మా," అన్నాడు. మేస్త్రీ ఎంత ఆలస్యంగా వెళ్లాడో ఆ రోజే భార్య ఆయనకు చెప్పింది. మేస్త్రీ పెళ్లాం ఆమెకు ఎప్పుడో చెప్పుకుని ఏడ్చిందట.

ఆపరేషన్ తర్వాత ముక్కులో గొట్టం, మెడ మీద కట్టు, నోట్లో నాలుక తనది కానట్టు మొద్దుగా. మాట రాదు. సన్న గొంతు పిల్లకు ఆ వార్డులోనే డ్యూటీ పడింది. పూటపూటా గాజుగుడ్డ తడిపి నోరు శుభ్రం చేసేది. మొదటిరోజు ఆయన ఆ గిన్నెను వేలితో చూపించి కనుబొమలెగరేశాడు. "ఉప్పునీళ్లే తాతగారూ," అని ఆమె తన నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూపించింది. అప్పుడు తెరిచాడు.

కళ్లద్దాల కుర్రాడు కూడా ఒక సాయంత్రం వచ్చాడు. మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గేటు బాబాయి చేతి తొడుగులున్న డబ్బా వైపు వేలు చూపించాడు. కుర్రాడు తొడుక్కుని, దీపం తెచ్చుకుని, పెదవుల దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా, కుట్లు కదలకుండా, మెల్లగా చూశాడు. పక్క మంచం ఆయన, "ఎన్నిసార్లు చూస్తారయ్యా ఆ నోరు" అని విసుక్కున్నాడు.

కట్లు విప్పారు, గొట్టం తీశారు. మాట వచ్చింది గాని మునుపటి మాట కాదు. ర, ల పలకవు, స అంటే థ వస్తుంది. మిల్లు గేటు దగ్గర వంద మందిని నిలబెట్టిన గొంతు, కూరగాయల కొట్టువాడు రెండోసారి అడిగితే తడబడింది. కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. జనం తన మాటకు నవ్వుతున్నారని అనుమానం. కొందరు నవ్వారు కూడా. కూతురు వచ్చి నెల రోజులుంది. అల్లుడు పంపాడా అని ఆయన అడగలేదు.

మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్లాలి. మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు చూసి, తడిమి, "ఏమీ లేదు, బాగుంది" అన్నాడు. బాగుంది అన్న మాట వినగానే గేటు బాబాయికి మేడ మీది కుర్చీ గుర్తొచ్చింది. ఆ మాట ఆయన చాలాసార్లు విన్నాడు. బయటికి వచ్చి భార్యకు చెప్పాడు.

"నమ్మారా?" అంది ఆమె.

"థగం."

"అయితే మిగతా సగం ఎవరు చూస్తే నమ్ముతారు?"

మేడ మెట్లెక్కారు. ఆ గదిలో క్లాసు జరుగుతోంది. కొత్త పిల్లలు, అవే కుర్చీలు. సన్న గొంతు పిల్ల ఆఖరి ఏడాదికి వచ్చింది, చిన్నవాళ్లకు నాలుక ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. ఆయన్ని చూసి లేచి వచ్చింది. చూడమని అడగగానే చూసింది. నాలుక రెండు అంచులూ, మెడా. "ఏమీ లేదు తాతగారూ," అంది. ఆయన ఆమె మొహంకేసి తేరిపార చూశాడు. ఏ మౌనమూ దొరకలేదు.

భార్య అక్కడే ఖాళీ కుర్చీలో కూర్చుంది, కాళ్లు నొప్పులని. కూర్చుని బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. గేటు బాబాయి ఆ చెయ్యి చూశాడు.

"ఏంటే అది?"

"ఏది?"

"ఆ చెయ్యి."

"ఏం లేదు. కింద దవడ పన్ను. అప్పుడప్పుడు లాగుతోంది."

"ఎప్పట్నించి?"

ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "మీ ఆపరేషనప్పట్నించి. అప్పుడు మీ గోలే సరిపోయింది. నా పన్ను సంగతి ఎవరికి చెప్పను?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడాయన. గొంతు లేచింది. ర, ల రాకపోయినా ఆ మాట గదిలో అందరికీ అర్థమైంది.

"మీరు నాకు చెప్పారా?"

మేడం దూరం నుంచి చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సన్న గొంతు పిల్ల భార్య ముందు కుర్చీ జరుపుకుని, కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల్ని పిలిచింది. వాళ్లు తొడుగులు వేసుకుని దీపం వంచారు. గేటు బాబాయి వాళ్ల భుజాల వెనక నిలబడి, మెడ సాచి, భార్య నోట్లోకి చూస్తూ, "అటు కూడా చూడండి. ఆ వెనక. నాలుకెత్తి చూడండి," అంటూనే ఉన్నాడు. మేడం వచ్చి, బయట బల్ల మీద కూర్చోమని చెప్పి పంపించింది.